లియోన్ దీపాల పండగ: టికెట్ ఉండదు, అలాగని ఊరికే రాదు

ముందే చెప్పేస్తున్నా, డిసెంబర్ 8 రాత్రి ఊళ్లో ఉండేలా కుదరకపోతే ఆ ఏడాదికి ఫ్రాన్స్‌లోని లియోన్ ప్లాన్ మానుకోండి. మిగతా మూడు రాత్రులూ బాగుండవని కాదు, బాగుంటాయి. కానీ అవి మాత్రమే చూసొచ్చి లియోన్ దీపాల పండగ చూశామని చెప్పుకోవడం అంటే పెళ్లికెళ్లి, మండపం డెకరేషన్ చూసి, భోంచేసి, ముహూర్తానికి ముందే బస్సెక్కేసినట్టు. నాకీ సంగతి తెలిసి వెళ్లలేదు. మేం వెళ్లిన ఏడాది ఎనిమిదో తేదీ ఆదివారం పడింది, మా తిరుగు రైలు సోమవారం, అంతే, దాంతో బతికిపోయాం. లేకపోతే ఇదే రివ్యూని ఇంకో రకంగా రాసేవాణ్ణి.

వెళ్లింది నలుగురం. నేను, మా అక్క, బావ, వాళ్ల ఆరేళ్ల పాప. ఐడియా నాది కాబట్టి ఏం తేడా వచ్చినా తిట్లు కూడా నావే. పారిస్‌లో టీజీవీ, అంటే స్పీడు రైలు, ఎక్కితే రెండు గంటల్లో లియోన్‌లో దిగుతాం, దాంతో ఇబ్బందేం లేదు. ఇబ్బందంతా గదితోనే. పండగ ఏడాదికి నాలుగే రాత్రులు, ఆ నాలుగింట్లో 8వ తేదీ తప్పకుండా ఉంటుంది, ముందూ వెనకా ఏ రోజులు కలుస్తాయన్నది ఏడాదిని బట్టి మారుతుంది. హోటళ్లవాళ్లకి ఆ నాలుగు రాత్రులూ పంట కోతే. నేను అక్టోబర్‌లో తీరిగ్గా వెతకడం మొదలుపెట్టేసరికి ఊరి మధ్యలో మామూలు గది మామూలు రేటుకి మూడింతలు చూపించింది. ఆఖరికి పక్కనే ఆనుకుని ఉన్న విల్లర్‌బాన్‌లో తీసుకున్నాం, మెట్రో ఏ లైన్ మీద. మొదట కాస్త బాధేసింది కానీ అదే మంచిదైంది. ఎందుకంటే సాయంత్రం అయ్యేసరికి మధ్య ఊళ్లో బండ్లు బంద్, కొన్ని మెట్రో స్టేషన్లు కూడా మూసేస్తారు, ఆ జనంలో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ హోటల్ వెతుక్కునేవాళ్లని చూస్తే జాలేసింది. జూన్, జులైలోనే గది చూసుకోండి, క్యాన్సిల్ చేసుకునే వీలున్నది అయితే మరీ మంచిది.

ఊరి రూపం ఒకసారి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. రెండు నదులు, సోన్, రోన్. రెండింటి మధ్య నాలుకలా సాగిన నేల పేరు ప్రెస్కిల్, అదే ఊరి నడిబొడ్డు. సోన్ దాటితే పాత ఊరు, దాని నెత్తిన ఫూర్వియేర్ గుట్ట, గుట్ట మీద బసిలికా. నాలుగు బురుజులూ నాలుగు కాళ్లలా పైకెత్తి ఉంటుంది కాబట్టి ఊరివాళ్లు దాన్ని తిరగబడ్డ ఏనుగు అంటారట, ఆ మాట చెవిన పడ్డాక నాకు అది చర్చిలా కనపడటం మానేసింది. ప్రెస్కిల్‌కి ఉత్తరాన క్రువా రూస్ గుట్ట, ఒకప్పటి పట్టు నేతగాళ్ల పేట. ఊరంతా కలిపి పాతికా ముప్ఫై చోట్ల లైట్ల ప్రదర్శనలు పెడతారు, పెద్దవి చాలావరకు ఈ కాస్త మేరలోనే. ఊరి జనాభా 5 లక్షల పైచిలుకు. నాలుగు రాత్రులూ కలిపి వచ్చే జనం 20 లక్షల దాకా అంటారు. అందరూ నదులు దాటాల్సింది ఆ వంతెనల మీదే. ఇక మీరే ఊహించుకోండి.

అందుకే నడక అంతా వన్‌వే. ఈ వీధిలో వెళ్లాలి, ఆ వీధిలోంచే బయటికి రావాలి, మధ్యలో 'అరెరె, అది చూడలేదే' అని వెనక్కి తిరిగితే పసుపు జాకెట్ వేసుకున్న మనిషి చెయ్యి అడ్డం పెడతాడు. లోపలికి వెళ్లే దారుల దగ్గర బ్యాగులు తెరిచి చూస్తారు. 2015లో నవంబర్ 13న పారిస్‌లో దాడులు జరిగినప్పుడు ఆ ఏడాది పండగే రద్దు చేశారు, లైట్ల షోలేమీ లేవు, 8వ తేదీ రాత్రి ఎవరి కిటికీలో వాళ్లు దీపాలు పెట్టారు, అంతే. 2020లో కరోనాతో ఇంకోసారి ఆగింది. ఈ 2015 సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తా.

ఇక మేం చేసిన అతి తెలివి గురించి. శుక్రవారం మొదటి రాత్రికి గైడ్‌తో నడిచే టూర్ ఒకటి బుక్ చేశా. పేరు చెప్పను. మనిషికి 35 యూరోలు, పాపకి సగం. 'క్యూలు లేకుండా, ఊరివాళ్లకి మాత్రమే తెలిసిన దారుల్లో' అని రాసుంది, ఆ ముక్క చూసే పడిపోయా. తీరా వెళ్తే పాతిక మందిమి. తలా ఒక ఇయర్‌ఫోన్, మెడలో వేలాడే రిసీవర్, ముందు వెలిగే గొడుగు పట్టుకున్న గైడ్ అమ్మాయి. గొడుగు బాగానే వెలిగింది. కానీ ఊరు ఊరంతా వెలిగిపోతున్న రాత్రి వెలిగే గొడుగుని వెతుక్కుంటూ నడవడం ఎలాగో ఆ కంపెనీలో ఎవరికీ తట్టినట్టు లేదు. పావుగంట నడిచామో లేదో, ఒక సందు మొదట్లో పోలీసులు జనాన్ని విడతలుగా వదులుతూ మా గుంపు మధ్యలోకి వచ్చేసరికి తాడు అడ్డం పెట్టేశారు. గైడ్ అటు, మేం ఇటు. చెవిలో మాట కాసేపు గరగరలాడి ఆగిపోయింది. వన్‌వే కాబట్టి ఆ అమ్మాయి వెనక్కి రాలేదు, మేం ముందుకి పోలేం. తర్వాత బెల్కూర్ చౌక్‌లో 14వ లూయీ గుర్రం విగ్రహం కింద నలభై నిమిషాలు అందరం ఒకరికొకరం దొరికేదాకా నిలబడ్డాం, ఆ నలభై నిమిషాలూ గుర్రం గురించి విన్నాం. రెండున్నర గంటల టూర్‌లో చూసింది మూడు చోట్లు. అక్క ఒకటే మాట అంది, "ఒరేయ్, దీనికి డబ్బులు కూడా కట్టావా?" గైడ్‌ని ఏమీ అనలేను, చలిలో అరిచి అరిచి పాపం గొంతు పోయింది. డబ్బు వెనక్కి ఇమ్మని మెయిల్ పెడితే జనం రద్దీ మా చేతుల్లో లేదని జవాబొచ్చింది. నిజమే, లేదు. అలాంటప్పుడు క్యూలు ఉండవని రాయకూడదు కదా.

ఈ టూర్‌కి పదికి రెండు, ఆ రెండూ ఆ అమ్మాయి ఓపికకి. పండగ సొంత యాప్ ఉంది, ఫ్రీ, ఎక్కడ ఏముందో మ్యాప్‌లో చూపిస్తుంది. అది చాలు. జనంలో నెట్ సరిగ్గా రాదు కాబట్టి గదిలో ఉన్నప్పుడే ఆ రోజు దారిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

టూర్ వాళ్లు వదిలేశాక పదిముప్పావుకి, ఎలాగూ వచ్చాం కదా అని, మా అంతట మేమే టెర్రో చౌక్ వైపు వెళ్లాం. అప్పుడు అర్థమైంది అసలు కిటుకు. షోలు సాయంత్రం మొదలై, రోజుని బట్టి రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తాయి. మొదటి రెండు గంటలూ పిల్లలున్నవాళ్లు, టూర్లవాళ్లు, మాలాంటి అమాయకులు ఒక్కసారి మీద పడతారు. ఆఖరి గంటలో సగం మంది ఉండరు. ఎనిమిదింటికి గంటకి పైగా క్యూ అన్న చౌక్‌లోకి మేం పది నిమిషాల్లో వెళ్లిపోయాం. పాప బావ భుజం మీద నిద్రపోయింది, అదొక్కటే లోటు.

టెర్రో గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పండగ మొత్తంలో పెద్ద షో అనదగ్గది అక్కడే. ఒక పక్క సిటీ హాలు, 17వ శతాబ్దంది. దానికి లంబంగా ఇంకో పక్క పొడుగ్గా లలిత కళల మ్యూజియం, అది ఒకప్పటి సన్యాసినుల మఠం. రెండు గోడలూ కలిపి ఒకటే తెర. ఎడమ గోడ మీద మొదలైన బొమ్మ మూల తిరిగి కుడి గోడ మీదికి పరుగెడుతుంది, మీరు తల తిప్పేలోపే అయిపోతుంది. చుట్టుపక్కల వీధి దీపాలన్నీ ఆర్పేస్తారు. ఎదురుగా ఇనప పరంజాల మీద పెద్ద పెద్ద ప్రొజెక్టర్లు వరసగా పేర్చి ఉంటాయి, ఒక్కోటి 20,000, 30,000 ల్యూమెన్ల (వెలుగుకి కొలత) బాపతు, ఇంట్లో వాడేవి రెండు మూడు వేలు దాటవు. గోడని ముందే కొలిచి కంప్యూటర్‌లో కిటికీ కిటికీకి, స్తంభం స్తంభానికి అచ్చు గీసి పెట్టుకుంటారు, అందుకే బొమ్మ కిటికీ అంచు దగ్గర గీత గీసినట్టు ఆగుతుంది. ఒక చోట బాల్కనీ రెయిలింగ్ మీద ఒక వెలుగు చుక్క అటునుంచి ఇటు నడిచి వెళ్లింది, ఒక్క కమ్మీ కూడా తప్పలేదు. నేను షో వదిలేసి దాన్నే చూశా.

ఆ చౌక్‌లో నాలుగు గుర్రాల రథం ఫౌంటెన్ ఉంది. చేసింది బార్తోల్డి, న్యూయార్క్‌లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ చేసిన ఆయనే. మొదట బోర్డో నగరం కోసం అనుకున్నది, చివరికి లియోన్ కొనుక్కుని 1892లో నిలబెట్టింది. షో జరుగుతున్నంతసేపూ గోడల వెలుగు గుర్రాల వీపుల మీద పడి జారుతుంటుంది. దానికోసం ఎవరూ ప్రోగ్రాం రాయలేదు, ఊరికే అలా పడుతోంది.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఇలాంటి షోలు మీరు ఎక్కడైనా ఒకటి రెండు చూసి ఉంటే లియోన్‌లో నాలుగోది చూసేసరికి ఆవలింత వస్తుంది. గోడ ఇటుక ఇటుకా కూలిపోతుంది, తీగలు పాకి పూలు పూస్తాయి, గడియారపు పళ్లచక్రాలు గిర్రున తిరుగుతాయి, చివర్లో అంతా నీళ్లలో మునుగుతుంది. వెనక మ్యూజిక్ దడదడలాడుతుంటుంది. ఈ నాలుగూ లేకుండా షో చెయ్యకూడదని ఎక్కడైనా చట్టం ఉందేమో తెలీదు. అన్నీ అలాంటివే అని కాదు. సందుల్లో, చిన్న చౌకుల్లో పెట్టే బుల్లి వాటిలో బుర్ర పెట్టి చేసినవి ఉంటాయి, జనం కూడా ఉండరు. మ్యాప్‌లో పెద్ద గుర్తులున్న చోట్లకి ఆఖరి గంటలో వెళ్లండి, మొదటి రెండు గంటలూ ఈ చిన్న వాటికి పెట్టుకోండి. నేను చెప్పగలిగిన ప్లాన్ అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

శనివారం నాలుగింట్లోకీ ఘోరమైన రాత్రి అని ముందే విన్నాం, అందుకని మధ్య ఊరి జోలికే పోలేదు. పాపని తీసుకుని తెత్ దోర్ పార్కుకి వెళ్లాం. 1857 నాటి పార్కు, పెద్ద చెరువు, బోలెడంత చోటు, స్ట్రోలర్ తోసుకెళ్లొచ్చు. చెట్ల మధ్య రంగు రంగుల లైట్లు, కాస్త పొగమంచు యంత్రాలు, ఏదో మెల్లటి సంగీతం. బావ తెగ ఫొటోలు తీస్తున్నాడు. పాప మాత్రం ఒక ఊదారంగు లైటు దగ్గర ఆగిపోయింది. నోరు తెరిచి హా అంటుంది, ఆవిరి ఊదారంగులో బయటికొస్తుంది. మళ్లీ హా. రెండడుగులు పక్కకి జరిగి ఆకుపచ్చ లైటు దగ్గర హా. పావుగంట అదే పని. లక్షల యూరోల పండగలో తనకి నచ్చింది తన ఊపిరి. పిల్లలతో వెళ్లేవాళ్లకి మాత్రం ఇలాంటి పార్కు రాత్రి ఒకటి తప్పకుండా పెట్టుకోమని చెప్తా, మధ్య ఊళ్లో వాళ్లకి పెద్దవాళ్ల నడుములు తప్ప ఏమీ కనపడవు.

ఫొటోల సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తా. ఫోన్‌లో నైట్ మోడ్ ఆపేయండి. అది నాలుగైదు ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి అతికిస్తుంది, గోడ మీద బొమ్మేమో కదులుతుంటుంది, అంతా కలిసి రంగు నీళ్లు ఒలికినట్టు వస్తుంది. మామూలు మోడ్‌లో గోడ మీద వేలు నొక్కిపెట్టి, వెలుగు తగ్గించే గీతని కిందికి లాగండి, రాయి గరుకు కూడా కనపడుతుంది. ఎల్ఈడీ లైట్లని తీస్తే కొన్నిసార్లు ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడతాయి, ఫోన్ పాడవలేదు, ఆ లైట్లు సెకనుకి బోలెడు సార్లు ఆరి వెలుగుతుంటాయి, అదీ కారణం. ఇంకోటి, చలికి బ్యాటరీ లోపల రసాయన చర్య నెమ్మదించి ఛార్జింగ్ ఉన్నా లేనట్టే అవుతుంది. బావ ఫోన్ 30 శాతం చూపిస్తూ చూపిస్తూ టప్పున ఆగిపోయింది. లోపలి జేబులో, ఒంటికి తగిలేలా పెట్టుకోండి, పవర్ బ్యాంకు కూడా అక్కడే.

చలి అంటే మంచు కురిసే చలి కాదు, నాలుగైదు డిగ్రీలు. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. నడుస్తుంటే తెలీదు, క్యూలో రాతి నేల మీద నిలబడితే అరికాళ్ల నుంచి ఎక్కుతుంది, నదుల పక్కన గాలి వేరు. మందం అట్ట ఉన్న బూట్లు వేసుకోండి. స్టైల్ బూట్లు వేసుకొచ్చిన ఒకరు (పేరు చెప్తే మా అక్క ఈ రివ్యూ చదువుతుంది) శనివారం పొద్దున కొత్త బూట్లు కొనుక్కోవాల్సి వచ్చింది.

తిండికి దిగులు లేదు. దారంతా బండ్లు, కాల్చిన చెస్ట్‌నట్ గింజలు కాగితం పొట్లంలో, వేడి సూప్, దాల్చినచెక్కా నారింజ ముక్కా వేసి కాచిన వేడి వైన్. గులాబీ రంగు ప్రాలీన్ టార్ట్ అని లియోన్ మిఠాయి ఒకటి ఉంది, బాదం పప్పుకి గులాబీ రంగు పంచదార పట్టించి చేస్తారు, పళ్లు జివ్వుమనేంత తీపి, నాకు నచ్చింది, బావ సగం నాకే ఇచ్చేశాడు. కూర్చుని తినే హోటళ్లు ఎనిమిది తర్వాత దొరకవు, ఆరున్నర, ఏడుకే కానిచ్చేయండి. బాత్రూం మాత్రం ఎక్కడ కనపడితే అక్కడ, అవసరం ఉన్నా లేకపోయినా, వెళ్లిపోండి. దీని గురించి ఇంతకంటే రాయను.

ఇక ఆదివారం, ఎనిమిదో తేదీ.

సాయంత్రం ఐదుకే చీకటి పడిపోతుంది అక్కడ. షోలు మొదలవడానికి ఇంకా టైముంది కదా అని సోన్ ఒడ్డున నడుస్తుంటే ఎదురుగా ఫూర్వియేర్ గుట్ట మీద రెండే మాటలు, ఆకాశమంత అక్షరాలు, మెర్సి మరీ. మేరీ, నీకు కృతజ్ఞతలు. మూడు రోజులుగా చూస్తున్నాం గానీ కథ తెలీలేదు, ఆ రోజే ఒడ్డున కూర్చుని చదివాం. 1643లో ప్లేగు భయంతో నగర పెద్దలు మేరీ మాతకి మొక్కుకున్నారు, కాపాడితే ఏటా గుట్టెక్కి కొవ్వొత్తులు ఇస్తామని. రెండు శతాబ్దాల తర్వాత, 1852లో, గుట్ట మీద గుడి గోపురానికి ఆమె విగ్రహం పెట్టాలనుకున్నారు. చేసింది ఫాబిష్ అనే శిల్పి. సెప్టెంబర్ 8న ఆవిష్కరించాలి, కానీ సోన్‌కి వరదొచ్చి శిల్పి పనిశాలలోకి నీళ్లు రావడంతో పని ఆలస్యమై డిసెంబర్ 8కి మార్చారు. ఆ రోజు పొద్దున గాలివాన. బాణసంచా, దీపాలు అన్నీ ఆపేద్దామా అనుకుంటుండగా సాయంత్రానికి మబ్బు విడిపోయింది. ఎవరు మొదలుపెట్టారో గానీ ఊళ్లోవాళ్లు కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగించడం మొదలుపెట్టారు, చూసి పక్కింటివాళ్లు, వాళ్లని చూసి ఎదురింటివాళ్లు. అప్పటినుంచి ప్రతి డిసెంబర్ 8నా పెడుతూనే ఉన్నారు. ఈ ప్రొజెక్టర్లూ గోడ కూలడాలూ అన్నీ నిన్న మొన్నటివి. 1989లో నగరం తన కట్టడాలన్నిటికీ లైట్ల ప్లాన్ ఒకటి వేసుకుంది, 1999 నుంచి ఇప్పుడున్న నాలుగు రాత్రుల పండగ. ఆ 2015లో పండగ రద్దయినా దీపాలు ఎందుకు ఆగలేదో ఇక్కడికొచ్చి అర్థమైంది. వాటికీ పండగ కమిటీకీ సంబంధమే లేదు.

మిగతా మూడు రాత్రులూ ఆ కిటికీలు ఖాళీగా ఉంటాయి. మేం శుక్రవారం రాత్రి ఊళ్లో అంతసేపు తిరిగాం, కిటికీల వైపు తల కూడా ఎత్తలేదు.

జనమంతా పాత ఊళ్లో కతీడ్రల్ వైపు పోతున్నారు, అక్కణ్నుంచి గుట్ట మీదికి కొవ్వొత్తుల ఊరేగింపు ఉంటుంది. మేం పాపతో ఆ తోపులాటలో దూరలేక క్రువా రూస్ వైపు ఎక్కాం. మన చేనేతవాళ్ల నోట్లో నలిగే జకార్డు అన్న మాట ఈ ఊరి మనిషి పేరు, ఆయన పుట్టింది లియోన్‌లోనే. ఆయన పేరుతో వచ్చిన మగ్గం ఎత్తుకి సరిపోవాలి కాబట్టి ఇక్కడి ఇళ్లకి పైకప్పు దాదాపు 4 మీటర్ల ఎత్తున ఉంటుంది, కిటికీలు కూడా మనిషికి రెండింతలు పొడుగు. నేతగాళ్లు ఎప్పుడో పోయారు, కిటికీలు ఉన్నాయి. ఆ కిటికీల్లో ఆ రాత్రి దీపాలు. ఐదంతస్తుల ఇల్లు, ప్రతి అంతస్తులో కిటికీ కిందిగట్టు మీద వరసగా గాజు గ్లాసులు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, కొన్ని తెల్లవి. లోపల పొట్టి కొవ్వొత్తి. లుమిన్యోన్ అంటారు వాటిని. గ్లాసు గోడలు మందంగా గీతలు గీతలుగా ఉంటాయి, మంట కదిలినప్పుడల్లా ఆ గీతల నీడ గోడ మీద వణుకుతుంది. మ్యూజిక్ లేదు. క్యూ లేదు. పసుపు జాకెట్లు లేవు.

ఒక ఇంటి కింది అంతస్తులో ఒక పెద్దావిడ అప్పుడే వెలిగిస్తోంది. పొడుగు లైటర్‌తో ఒకటి అంటిస్తుంది, రెండోది అంటించేలోపు గాలికి మొదటిది ఆరిపోతుంది. ఆవిడ విసుక్కోలేదు. ఎడమ చెయ్యి వంచి మంటకి అడ్డం పెట్టి, మళ్లీ అంటించింది. ఆ చెయ్యి పెట్టడం చూసి అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఏమీ అనలేదు, నేనూ అడగలేదు, కార్తీక మాసంలో తులసికోట దగ్గర అమ్మ ప్రమిదకి అడ్డం పెట్టే చెయ్యి అచ్చం అలాగే ఉంటుంది, బొటనవేలు లోపలికి మడిచి. పాప కిటికీ దగ్గరికెళ్లి మునివేళ్ల మీద నిలబడి చూస్తుంటే ఆవిడ లైటర్ తన చేతికిచ్చింది. చివరి మూడూ పాపే వెలిగించింది. మాకు ఫ్రెంచ్ రాదు, ఆవిడకి ఇంగ్లిష్ రాదు, ఇద్దరూ తలలూపుకున్నాం. పాప దిగి వచ్చి వేళ్లతో లెక్కపెట్టి, పధ్నాలుగు, అంది.

ఆ తర్వాత టెర్రోకి మళ్లీ వెళ్లలేదు. పదింటి దాకా ఆ గుట్ట మీది సందుల్లోనే తిరిగాం. కొన్ని కిటికీల్లో దీపాలు లేవు, కొన్ని ఇళ్లలో ఎలక్ట్రిక్ సీరియల్ లైట్లు పెట్టేశారు, చాలా వీధుల్లో మూడో వంతు కిటికీలైనా వెలగలేదు, అది కూడా చెప్పాలి. ఊరంతా కొవ్వొత్తులతో నిండిపోతుందని ఊహించుకుని వెళ్తే నిరాశ పడతారు. వీధిలో ఒక్కో ఇల్లు, ఇంట్లో ఒక్కో అంతస్తు, అలా వెతుక్కుంటూ తిరగాలి. నాకైతే అలా వెతుక్కోవడమే నచ్చింది.

పండగకి పదికి ఎనిమిది. ఎనిమిదో తేదీ రాత్రిని విడిగా లెక్కేస్తే మార్కులు వెయ్యను. అది తీసేసి మిగతా మూడు రాత్రులకి మాత్రమే అంటే ఆరు, అది కూడా ఆ బాల్కనీ రెయిలింగ్ మీద చుక్కకి.

సోమవారం రైలుకి గంటన్నర ఉందనగా అక్క మమ్మల్నందర్నీ సూపర్‌మార్కెట్‌కి లాక్కెళ్లింది. కొవ్వొత్తుల డబ్బా ఒకటి, ఆరు గ్లాసులు, రెండేసి ఒక్కో రంగు. స్వెటర్లలో చుట్టి సూట్‌కేసులో పెట్టాం, ఒకటి పగిలింది, నీలం రంగుది. మిగతా ఐదూ తన దగ్గరే ఉన్నాయి. ఐడియా నాది కదే, ఒకటైనా ఇవ్వవే అని అడిగా. టూర్ కూడా నీ ఐడియానే కదరా అంది.